ఆరుసార్లు తిన్న రోజులు

మొన్న షుగర్ పరీక్షకు పోతే, మా అమ్మాయి ఈడు డాక్టరు నా కాగితాలు చూసి, "రోజుకు ఎన్నిసార్లు తిన్నారని కాదు మేడం, మొత్తం మీద ఎంత తిన్నారన్నదే ముఖ్యం" అన్నది. బుద్ధిగా తలూపాను. ఆ మాట నాకు కొత్త కాదు. పెద్దగా చదువుకోని ఒక మనిషి మా ఇంటి ముందు నిలబడి ఎప్పుడో అర్థం చేయించింది.

అప్పుడు నేను తంగళ్ళపల్లి దగ్గర ఒక బడిలో జీవశాస్త్రం చెప్పేదాన్ని; ఉండేది సిరిసిల్లలో. ప్రత్యేక రాష్ట్రం కోసం మేమంతా సమ్మెలోకి దిగాం, బడులకు తాళాలు పడ్డాయి. పొద్దున టెంటు కింద నినాదాలు, ఆ తర్వాత ఇంట్లో బోలెడు తీరిక. ఆ తీరికలో నాకు ఒళ్లు తగ్గించుకోవాలన్న పిచ్చి పట్టింది. కొంచెం కొంచెంగా ఆరుసార్లు తింటే కొవ్వు తొందరగా కరుగుతుందని ఏదో పత్రికలో చదివి, గడియారం చూసి మరీ తినేదాన్ని. ఉడికిన శనగలు, బొప్పాయి ముక్కలు, కాసేపటికి జొన్నరొట్టె. సన్నబడ్డది మాత్రం లేదు; ఆరు చిన్న భోజనాలూ మెల్లగా పెద్దవయ్యాయి.

ఒకరోజు పదకొండింటికి, శనగల గిన్నె ఒళ్లో పెట్టుకొని కూర్చుంటే, బడిలో మధ్యాహ్న భోజనం వండే అక్క వచ్చింది. బడి ఎప్పుడు తెరుస్తారో అడుగుదామని ఎండలో నడిచి వచ్చింది. మనిషి సగమైంది. చూసి నేను నిజంగానే మురిసిపోయాను.

"అబ్బ, ఎంత సన్నగైనవక్కా! ఏం జేసినవ్?" అన్నాను. అంతటితో ఆగక నా ఆరుసార్ల శాస్త్రమంతా చెప్పాను.

ఆమె ఓపిగ్గా విన్నది.

"బడి నడిచినప్పుడు నేను, మా మనుమరాలు ఆడనే తింటుంటిమి మేడం. కరెంటు లేక మా ఆయన బట్ట నేసే సాంచెలు గూడ బందైనయ్. ఇప్పుడు వండేది ఒక్కపూటనే. గా ఒక్కపూట బువ్వనే ఆర్సార్లకు పంచుకొని తింటే సరిపోతదా?"

ఎగతాళి కాదు. సైన్సు మేడాన్ని కదా, తెలుసుకుందామనే అడిగింది. జవాబు నాకు తెలుసు: ఎన్నిసార్లకు పంచినా పిడికెడు పిడికెడే. అది చెప్పే బదులు చేసిన పని చెప్పాలంటే ఇప్పటికీ తల వంగిపోతుంది. కొంగు తీసి గిన్నె మీద కప్పాను. తిను అనలేదు. ఆమె చూసింది. చూడనట్టే "పోయొస్త మేడం" అని వెళ్ళిపోయింది.

మర్నాడు బియ్యం మూట పట్టుకొని వాళ్లింటికి పోయాను. "మీరెందుకు గింతదూరం వచ్చిన్రు" అని ఆమే నొచ్చుకుంది. ముందురోజు మాట ఆమె ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. బడి తెరిచాక ఇద్దరం చాలా ఏళ్లు అక్కడే పనిచేశాం. రాష్ట్రం వచ్చింది. ఇప్పుడామె కోరుట్లలో బిడ్డ దగ్గర ఉంటుంది. రుద్రంగి మీదుగా బస్సెక్కితే రెండు గంటల దారి. తప్పయిందని చెప్పుకుందామని నేను మనసులో బయల్దేరి ఏళ్లు గడిచాయి. ఇంకా బస్టాండు కూడా చేరలేదు.