గవ్వలయ్యను చంపిన లారీ

ఆ రోజుల్లో మా బ్యాండు గురించి ఎవరు మాట్లాడినా పాడిన మా బావనే తలచుకుంటారు గానీ, వెనకాల డ్రమ్ములు వాయించిన నన్ను ఇంతవరకు ఒక్కరూ పలకరించలేదు. గవ్వలయ్యను పుట్టించింది నేను. శ్రీకాకుళంలో డిగ్రీ చదువుతూ, మేనత్త ఇంటి డాబా మీద, నా రికార్డు పుస్తకం చివరి పేజీలో పుట్టించాను. (ఆ పుస్తకం ఇప్పటికీ నా దగ్గరే ఉంది. అనుమానమున్నవాళ్లు వచ్చి చూసుకోవచ్చు.)

గవ్వలయ్య మా హెవీ మెటల్ పాటలన్నిటిలోనూ వచ్చే మనిషి. మొదటి పాటలో భావనపాడు దగ్గర సముద్రం అతన్నీ, అతని తెప్పనీ కలిపి మింగేస్తుంది. రెండో పాటలో కళ్లున్న చోట గవ్వలతో ఒడ్డుకి నడిచొస్తాడు. మూడో పాటలో నాగావళికి ఎదురీది ఊళ్లోకొస్తాడు, నాలుగో పాటలో ఆఫీసుల ముందు వరసలో నిలబడతాడు. ఎక్కడికెళ్లినా అడిగేది ఒకటే: "నా తెప్ప ఏది?" ఎవరూ చెప్పరు. అందుకే మళ్లీ ఇంకో పాటలో వస్తాడు. అలా ఇరవై పాటలదాకా లాగగలనని నాకు గట్టి నమ్మకం.

ఐదో పాట మాత్రం నాకు చెప్పకుండా బావ రాశాడు. కాలేజీ వార్షికోత్సవం రోజు, స్టేజీ ఎక్కబోతుండగా కాగితం నా చేతిలో పెట్టాడు. అందులో గవ్వలయ్య గరివిడి రైల్వే గేటు దగ్గర లారీ కింద పడి చచ్చిపోయాడు.

"ఏటి బావా ఇది? సముద్రంలో మునిగినా సావనోడు లారీకి సస్తాడేటి?"

"పెద్ద లారీరా," అన్నాడు గిటారు తీగలు బిగిస్తూ. "బాణీ పాతదే, కొట్టేయ్."

కొట్టాను. పాట అయింది, గిటారు ఆగింది. జనం లేవబోతుంటే ముందు వరసలోంచి మా మేనత్త (బావ కన్నతల్లి) లేచి రెండు చేతులూ అడ్డం పెట్టింది. జముకు వాయిస్తూ పాడే జముకుల కథలు వింటూ పెరిగిన మనిషి. కథలో మనిషి పోతే మంగళం పాడకుండా ఎవరూ కదలకూడదని ఆవిడ పట్టింపు.

"ఒరే, మనిషిని సంపేసి మంగళం పాడకుండా దిగిపోతారేట్రా?"

"అమ్మా, ఇది మెటల్ పాటమ్మా. మంగళాలుండవు," అని మైకులోనే బతిమాలాడు బావ.

"ఏ పాటయితే నాకేటి? సచ్చినోడు సచ్చినోడే. పాడు!"

బావ మంగళం ఎత్తుకున్నాడు. అది పూర్తయితే కథ ముగిసినట్టే, గవ్వలయ్య ఇక రాడు. నేనెలా ఊరుకుంటాను? మొదటి పాట దరువు అందుకుని "నా తెప్ప ఏది?" అని అరిచాను. కుర్రాళ్లంతా గొంతు కలిపారు. అటు మంగళం, ఇటు తెప్ప. చివరికి మైకుసెట్టాయన విసుగొచ్చి వైర్లు పీకేశాడు. "మంగళం సగమే అయినాది," అని అత్త ఇంటికెళ్లేదాకా గొణుగుతూనే ఉంది. సగమే అయింది కాబట్టి గవ్వలయ్య చావలేదని నా వాదన, అప్పుడూ ఇప్పుడూ.

ఆ తర్వాత బ్యాండు లేదు. ఈ మధ్య బావ ఆ పాటల్ని పాత క్యాసెట్టులోంచి తీసి ఇంటర్నెట్టులో పెట్టాడు. ఐదో పాట కింద నా పాత లారీ ప్రశ్నే రాశాను. బావ గుండె బొమ్మ పెట్టి ఊరుకున్నాడు. మళ్లీ రాశాను. మళ్లీ గుండె. పదకొండోసారి రాస్తుంటే మా ఆవిడ ఫోనులోకి తొంగి చూసి, "గవ్వలయ్య ఎక్కడికీ పోనేదు, ఇదిగో, మన కుర్సీలోనే కూసున్నాడు!" అంది. అద్దంలో చూసుకున్నాను. కళ్లజోడు నిజంగానే రెండు గవ్వల్లా మెరుస్తోంది. నాకూ నవ్వొచ్చింది, ఒప్పుకుంటాను.

అయినా అడగడం మానను. బావా, సముద్రం చంపలేనివాణ్ని లారీ ఎలా చంపింది? బొమ్మలొద్దు. మాటల్లో చెప్పు.