తలలూపే సినిమా

ఇంట్లో ఆమెను అందరూ డైరెక్టరమ్మ అంటారు. అందులో గౌరవం పాలు ఎంతో ఆమెకు బాగా తెలుసు. ఆమె తీసిన ఒకే ఒక్క చిన్న సినిమాను చూసినవాళ్ళలో సగం మంది అందులో నటించినవాళ్ళు, మిగతా సగం, వాళ్ళను బండి మీద దింపడానికి వచ్చినవాళ్ళు. ఆ తర్వాత ఏళ్ళు గడిచాయి గానీ రెండో సినిమా కదల్లేదు. చూసి చూసి అక్క విసిగిపోయింది. బావ నడిపే ఫర్నిచర్ షాపులో బిల్లులు రాసే కుర్చీ ఖాళీ అయిందని, నెలాఖరులోగా ఏదో ఒకటి తేల్చమని చెప్పింది.

తేల్చుకోవడం చేతకానివాళ్ళు చేసే పనే డైరెక్టరమ్మా చేసింది. ఇంకో సినిమా మొదలుపెట్టింది. చిన్న సినిమాల్లో పనిచేసే ఆడవాళ్ళ ఇళ్ళకు వెళ్ళి, ఎదురుగా కెమెరా పెట్టి, "డబ్బు లేదు, పేరు లేదు, ఇంకా ఇందులోనే ఎందుకున్నారు?" అని అడగడం. వాళ్ళ జవాబులు వింటే తన సంగతి కూడా అదే తేలిపోతుందని ఆశ. కెమెరా పట్టే అమ్మాయిని, మాటలు రాసే టీచర్ను, అందరికంటే పెద్దావిడైన మేకప్ పిన్నిని కలిసింది. ప్రతి ఇంటి నుంచీ కడుపు నిండినట్టు తిరిగొచ్చి, ఎంత బాగా మాట్లాడారో అని ఎడిటర్‌కు ఫోన్ చేసి మురిసిపోయింది.

ఎడిటర్ ఆమెకు పాత స్నేహితురాలు. వంటింటి పక్కనున్న సామాన్ల గదిలో, బట్టలారేసే తీగ కింద కంప్యూటర్ పెట్టుకుని పనిచేస్తుంది. డైరెక్టరమ్మ రాగానే తడి తువ్వాలు పక్కకు జరిపి కూర్చోబెట్టింది.

"ప్రశ్నలొద్దు, జవాబులే ఉంచమన్నావు కదా. నీ గొంతు మొత్తం తీసేశా. చూడు."

చూసింది. కెమెరా అమ్మాయి తల ఊపింది. టీచర్ "అవునండీ" అని తల ఊపింది. మేకప్ పిన్ని నోరు తెరిచి, మళ్ళీ మూసేసి, తల ఊపి, "టీ చల్లారిపోతోందమ్మా" అంది. సినిమా అయిపోయింది.

"మిగతాది ఏది?" అంది డైరెక్టరమ్మ.

"మిగతాదంతా నువ్వే. అడుగుతావు. వాళ్ళు గొంతు సవరించుకునేలోపే 'నాకూ అంతేనండీ, నా సినిమాకి ఏమైందంటే' అని అందుకుంటావు. మర్యాదస్థులు కాబట్టి కూర్చున్నారు."

డైరెక్టరమ్మకు తల కొట్టేసినట్టయింది. తీసేసిన తన గొంతును మళ్ళీ పెట్టించుకుని మొత్తం విన్నది. ఇలాంటి వాగుడుకాయ తనకే తగిలి ఉంటే, స్టవ్ మీద పాలు పెట్టి వచ్చానని చెప్పి పారిపోయి ఉండేది. "మీరు చచ్చినా ఈ పని వదలరు, నాకు తెలుసు" అని పిన్నికి తానే చెప్పడం, పిన్ని తలూపడం చూసినప్పుడు మరీ సిగ్గేసింది.

నెలాఖరు దగ్గరపడింది. అందరి దగ్గరికీ మళ్ళీ వెళ్ళే వ్యవధి లేదు కాబట్టి పిన్ని దగ్గరికి మాత్రం వెళ్ళింది. పిన్ని గదిలో మేకప్ పెట్టె మీద మడతపెట్టిన దుప్పట్లు వరసగా పేర్చి ఉన్నాయి. పోయినసారీ ఉండే ఉంటాయి, మాటల హడావిడిలో కళ్ళకు ఆనలేదు. కెమెరా పెట్టి, అదే ప్రశ్న అడిగి, నోరు బిగపట్టుకుని కూర్చుంది. డైరెక్టరమ్మే ఏదో ఒకటి అందుకుంటుందని పిన్ని చాలాసేపు ఎదురుచూసింది.

"నేను వదిలేసి ఏడాదైందమ్మా" అంది చివరికి. "బట్టల షాపులో పనికి వెళ్తున్నా. పోయినసారే చెబుదామనుకున్నా. నేను వదలనని నువ్వు అంత సంబరంగా చెబుతుంటే నోరు రాలేదు."

"నాకూ" అనే మాట డైరెక్టరమ్మకు నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది.

"నడుం నొప్పి తగ్గింది. నిద్ర పడుతోంది. బాగానే ఉన్నా. కానీ చేతులు ఊరుకోవు. వచ్చినవాళ్ళు రంగులు చూపించమంటారు, నేనేమో వాళ్ళ కళ్ళ కింద నలుపు ఎలా కప్పాలా అని చూస్తుంటా." పిన్ని ఆగి కళ్ళు తుడుచుకుంది. "మరి నీ సంగతేంటి? వదిలేస్తావా?"

అడగకుండానే అన్నీ చెప్పే డైరెక్టరమ్మను ఇప్పుడు నిజంగానే అడిగారు. కంటినిండా నిద్రపట్టే బతుకు తనకూ కావాలనే ఉంది. ఇలా కళ్ళు తుడుచుకోవాల్సి వస్తుందేమోనని భయంగానూ ఉంది.

"వదల్లేను పిన్నీ" అంది. "గొప్పేం కాదు. చేతకాక."

పిన్ని నవ్వి, దుప్పట్లు సర్దుతున్నట్టు అటు తిరిగింది.

మెట్లు దిగుతూ డైరెక్టరమ్మ అక్కకు ఫోన్ కలిపింది. బంగారంలాంటి ఉద్యోగాన్ని కళ కోసం కాలదన్నుకుంటున్న మనిషి గొంతు ఎలా ఉండాలో రింగవుతున్నంతసేపూ సాధన కూడా చేసింది.

"అక్కా, నేను షాపుకి రాలేను. ఏమీ అనుకోకు."

"ఆ కుర్చీలో వేరే అమ్మాయిని పెట్టేశాంగా" అంది అక్క.

"ఎప్పుడు?"

"నువ్వు ఇంకో సినిమా మొదలెట్టావని తెలిసిన రోజే. నీ నోటితో ఎప్పుడు చెబుతావా అని చూస్తున్నా. అది సరేగానీ, తిన్నావా?"

చెప్పడానికి ఆమె దగ్గర చాలా ఉంది. కళ గురించి ఉంది, త్యాగం గురించి ఉంది. "లేదక్కా" అని ఊరుకుంది.