జెండా గుడ్డకు రెండు వేళ్ళ అంచు

మా తమ్ముడు పోయాడని మేనల్లుడు గన్నవరం ఆస్పత్రి నుంచి ఫోన్ చేసేలోపే టీవీ వాడు చెప్పేశాడు. పొద్దున్న ఏడూ ఇరవై. "నవ్వుల దర్శకుడు ఇక లేరు" అని తెర అడుగున అక్షరాలు పరుగెడుతుంటే, వెనకాల ఎవరో జారిపడినప్పుడు వేసే వెకిలి సంగీతం. వాడి ఒళ్ళు ఇంకా చల్లబడి కూడా ఉండదు. నాకు ముందు ఏడుపు రాలేదు. అసహ్యం వేసింది.

మాది పెడనలో నేత కుటుంబం. నేను బెజవాడ వచ్చి ముప్ఫై ఒక్క ఏళ్ళు హైస్కూల్లో లెక్కలు చెప్పాను. వాడు సినిమాలకు వెళ్ళి తొమ్మిది సినిమాలు తీశాడు. తొమ్మిదీ నవ్వించేవే. కొత్త సినిమా విడుదలైన రోజు హైదరాబాదులో ఉండేవాడు కాదు. పెడనలో మ్యాట్నీకి వచ్చి, తెరకు వీపు పెట్టి కూర్చుని జనం మొహాలు చూసేవాడు. వెనక వరసల్లోని నేతవాళ్ళు నవ్వని చోటల్లా చీటీ మీద గుర్తు పెట్టుకునేవాడు. "వాళ్ళు నవ్వలేదంటే అది నేను ఎక్కణ్ణుంచో అరువు తెచ్చిందన్నమాటక్కా" అనేవాడు. వారం తిరిగేసరికి ఆ ముక్క సినిమాలో ఉండేది కాదు.

వాడి నాలుగో సినిమాలో ఒక సీను ఉంది. అది మా ఇంట్లో జరిగిందే. ఒకసారి చేనేత సొసైటీ వాళ్ళు జెండాల కోసమని నాన్నకు తెల్లగుడ్డ పురమాయించారు. నాన్న పుట్టి బుద్ధెరిగి చీరలే నేశాడు. చెయ్యి ఊరుకోలేదు. గుడ్డ తాను పొడుగునా రెండు వైపులా రెండు వేళ్ళ వెడల్పున ఎర్ర అంచు వేసేశాడు. సొసైటీ గుమస్తా తాను విప్పి చూసి, "ఏవయ్యా, జెండాకి చీర కడతావా?" అన్నాడు. నాన్న నిజంగానే తెల్లబోయాడు. "అంచు లేకపోతే అది గుడ్డెట్టా అవుద్దండీ?" అని అడిగాడు. గుడ్డ వెనక్కి వచ్చింది. అమ్మ దాన్ని చింపి మా ఇద్దరికీ బట్టలు కుట్టింది.

సినిమాలో గుమస్తా బదులు ఢిల్లీ నుంచి ఒక ఆఫీసరు వస్తాడు. ప్రశ్న అదే. జవాబుకు మాత్రం మా తమ్ముడు ఇంకొక మాట చేర్చాడు. "తవరు పెద్దోళ్ళు. అంచు లేని గుడ్డ మా ఊళ్ళో శవానికి కప్పుతారండీ. దేశానికి అదెట్టా ఇమ్మంటారు?" జెండాకు అంచు ఉండకూడదని చెప్పడానికి వచ్చినవాడు, పోయేటప్పుడు గుమ్మంలో ఆగి ఆ అంచును వేళ్ళతో తడిమి చూస్తాడు. సీను మొత్తం నాలుగు నిమిషాల పది సెకన్లు.

నా తప్పు కూడా రాయాలి. ఆ సినిమా చూసి నేను వాడికి నాలుగు పేజీల ఉత్తరం రాశాను. నాన్న అమాయకత్వాన్ని ఊరందరి ముందు ఆరేశావని తిట్టాను. రెండేళ్ళు మాట్లాడలేదు. చివరికి ఆ సినిమా పెడనలో మళ్ళీ ఆడుతున్నప్పుడు వాడే వచ్చి, "తిడుదువుగానిలే, ముందు మనూళ్ళో మనవాళ్ళ మధ్యన కూర్చుని చూడు" అని బస్సెక్కించాడు. పెడనలో ఆ సీను రాగానే హాలు హాలంతా ఊగిపోయింది. నా పక్కనున్న ముసలామె కళ్ళు తుడుచుకుంటూ, "మీ నాన్న అడిగిందాంట్లో తప్పేవుందమ్మా?" అంది.

తరవాత టీవీ వాళ్ళు ఆ సీనులో మాటలన్నీ కోసేశారు. జెండాతో పరాచికాలని ఎవరైనా గొడవ చేస్తారని భయమట. భయపడితే పడ్డారు, ఆ ఖాళీలో ఏం పెట్టారు? సినిమాలో ఇంకెక్కడో ఉన్న ఒక చెంపదెబ్బను తెచ్చి, తిప్పి తిప్పి ఏడుసార్లు వేశారు. అడగాల్సిన మాట అడిగిన నేతగాడు తన్నులు తినే వెర్రివాడయ్యాడు. ఊరూరా తిరుగుతున్నది ఆ కాపీయే.

పోయే ముందు ఆస్పత్రిలో వాడు నన్ను అడిగింది ఒక్కటే. "నా పేరున సభ పెడతారక్కా, తప్పదు. ఆ కోసిన కాపీ మాత్రం వెయ్యనియ్యకు. లెక్కల టీచరువి గదా, నిమిషాలు చూసుకో."

పదకొండో రోజున బెజవాడలో సభ. అసలు కాపీ ఉన్న డిస్కు నిర్వాహకుడి చేతిలో నేనే పెట్టాను. "కంగారుపడకండి మేడమ్, ఒరిజినలే వేస్తామండీ" అన్నాడు. మొదటి వరసలన్నీ శాలువాలవాళ్ళవి. బస్సులో వచ్చిన పెడనవాళ్ళను వెనక వరసల్లోకి పంపారు. ఉపన్యాసాలు గంటా నలభై నిమిషాలు. "నేటివిటీ" అన్న మాట పంతొమ్మిది సార్లు, "దేశం గర్వించే" ఆరు సార్లు. మగ్గం అన్నవాడు ఒక్కడు లేడు. మట్టివాసన గురించి మాట్లాడినాయన, పెడనవాళ్ళు వచ్చి చెయ్యి కలిపి వెళ్ళగానే శానిటైజర్ రాసుకున్నాడు.

సినిమా మొదలైంది. ఆఫీసరు వచ్చాడు, తాను విప్పాడు, ఫట్‌మని చెంపదెబ్బ.

నేను లేచాను. "నేనిచ్చింది ఇది కాదు. ఆపించండి."

"డిస్కు ఆడలేదు మేడమ్, చేతిలో ఉన్న కాపీ వేశాం. జనం నవ్వుతున్నారు గదండీ, కూర్చోండమ్మా."

నిజమే, ముందు వరసలు నవ్వుతున్నాయి. మా తమ్ముడు అడిగిన ఒక్క పనీ నేను చెయ్యలేకపోయానని అర్థమై కూలబడ్డాను. అప్పుడు వెనక నుంచి ఒక మగ గొంతు వినిపించింది.

"ఏవయ్యా, జెండాకి చీర కడతావా?"

ఇంకో వరసలోంచి ఒక ఆడగొంతు అందుకుంది. "అంచు లేకపోతే అది గుడ్డెట్టా అవుద్దండీ?"

తరవాతి మాట పది మంది కలిసి అన్నారు. శవం, దేశం, అన్నీ వరస తప్పకుండా. నిర్వాహకుడు సౌండు పెంచమని కేకలేశాడు. పెంచారు. వెనకవాళ్ళు వాళ్ళ నవ్వు వాళ్ళు నవ్వారు, నేను ఆ రోజు పెడనలో విన్న నవ్వే.

తెర మీద ఏడో దెబ్బ పడబోతోంది. వెనక ఎవరో ముసలాయన లేచి నిలబడి, పక్కవాడికి అంచు ఎంత వెడల్పో చూపించడానికి చెయ్యెత్తినట్టున్నాడు. ప్రొజెక్టరు వెలుగుకు ఆ చెయ్యి అడ్డం వచ్చింది. కొట్టేవాడి మీదా, కొట్టించుకునేవాడి మీదా, ఈ చివరి నుంచి ఆ చివరికి, పక్కపక్కనే చేర్చిన రెండు వేళ్ళ నీడ పడింది.