స్పీచ్ బదులు బిట్ పేపర్

ముందే చెప్తున్న, నవ్వొద్దు. సరే, నవ్వుతరని తెలుసు. కనీసం చాయ్ కప్పు పక్కకు పెట్టి నవ్వున్రి, పొలమారుతది.

మొన్న మహిళా దినోత్సవం నాడు మా చిక్కడపల్లి గల్లీల నేను స్టేజి మీద నిలబడ్డ ఫొటోలు మీ అందరి ఫోన్లకు వచ్చినయి గదా? భుజాల మీద శాలువా, ముందట మైకు, కింద జనం లేచి నిలబడి చప్పట్లు. "విజయక్క స్పీచ్ దంచేసింది" అని గ్రూపుల రాసిన్రు గదా? చప్పట్లు నిజం. శాలువా నిజం. స్పీచే అబద్ధం. నేను ఆరోజు స్పీచ్ ఇయ్యనే లేదు!

మొదటి నుంచి చెప్త. మా గల్లీ కమ్యూనిటీ హాలు వెనక ఒక రూముంది. అనసూయ టీచరమ్మ పెట్టిన రీడింగ్ రూమ్. టీచరమ్మ నారాయణగూడల ఆడపిల్లల బడిల లెక్కలు చెప్పేది. మా గల్లీల నా వయసు ఆడోళ్లల్ల సగం మందిమి ఆమె స్కేలు దెబ్బలు తిన్నోళ్లమే. మా చిన్నప్పుడు ఇంట్ల మగపిల్లడు పుస్తకం పడితే "సప్పుడు చేయకున్రి" అనేటోళ్లు. ఆడపిల్ల పుస్తకం పడితే "జర బియ్యం కడుగు పో" అనేటోళ్లు. అది చూసి చూసి టీచరమ్మ తన ఇంట్ల ఉన్న బల్ల, రెండు కుర్చీలు మోసుకొచ్చి గా రూముల వేసింది. నేను అక్కడ కూసొని చదివే బ్యాంకు నౌకరి తెచ్చుకున్న.

ఇప్పుడు అశోక్ నగర్ హాస్టళ్లల్ల ఉండి గ్రూప్స్ పరీక్షలకు ప్రిపేర్ అయ్యే పిల్లలు వస్తున్నరు. హాస్టల్ల మంచం మీదనే చదువు, మంచం మీదనే తిండి. పెద్ద లైబ్రరీల పొద్దుగాల్నే సీట్లు నిండిపోతయి. ఇగ వీళ్లకు మా రూమే దిక్కు.

ఆ రూము మీద మా కాలనీ ప్రెసిడెంట్ నర్సింగరావు గారి కన్ను పడ్డది. "ఇప్పుడు పిల్లలంత ఫోన్లల్ల చదువుతున్నరు. గా రూముల కుర్చీలు, షామియానాలు పెట్టుకుందం" అన్నడు. ఎప్పుడు తేలుస్తరంటే, మహిళా దినోత్సవం మీటింగ్ అయినంక, చేతులెత్తించి! మహిళల రూముకు మహిళా దినోత్సవం నాడే తాళం. ముహూర్తం చూడున్రి.

టీచరమ్మకు ఎనభై దాటినయి. ఈ ముచ్చట విన్నప్పటి నుంచి ఆమెకు అన్నం సహిస్తలేదట. నేను పోయి చేతులు పట్టుకొని, "టీచరమ్మా, మీరు బేఫికర్ ఉండున్రి. ఆరోజు మెయిన్ స్పీచ్ నాదే. చూస్కుంట" అని మాటిచ్చిన.

నాలుగు రోజులు కూసొని రాసిన. ఎనిమిది పేజీలు. 'చరిత్రలో మహిళలు'. రాణులు, కత్తులు, గుర్రాలు, త్యాగాలు, దేన్నీ వదల్లే. చివరి పేజీల రీడింగ్ రూమ్ ముచ్చట పెట్టిన. అది చదువుకుంటే నాకే ఏడుపొచ్చింది. దాన్ని అశోక్ నగర్‌ల ఒక డీటీపీ షాపుల ఇచ్చి, పెద్ద పెద్ద అక్షరాలల్ల టైప్ చేయమన్న. ఎందుకంటే స్టేజి మీద కళ్లద్దాలు పెట్టుకుంటే ఫొటోలల్ల ముసలిదాని లెక్క కనపడ్త గదా!

మీటింగ్ నాడు పొద్దున మా ఆయన స్కూటర్ మీద పోయినం. కౌంటర్ మీద కవర్ల గుట్ట. షాపు అన్న ఫోన్ల ఉన్నడు. ఒక కవర్ మీద స్కెచ్ పెన్నుతోని 'చరిత్రలో మహిళలు' అని కనపడ్డది. "ఇది మాదే అన్నా" అని తీసుకొని స్కూటర్ ఎక్కిన.

మా ఆయన, "ఒక్కసారి తెరిచి చూస్కోరాదు?" అన్నడు.

"నేను రాసింది నాకు తెల్వదా?" అన్న.

అశోక్ నగర్‌ల ఒక ఆచారముంది. జిరాక్స్ తీసుకున్న కాయితం ఎవ్వరూ అక్కడ చదవరు. ముందు తీసుకునుడు, తర్వాత సంచిల పెట్టుడు, చదువుడు దేవుడెరుగు. ఆ పిల్లలను చూసి చూసి నాక్కూడ అదే రోగం అంటుకుంది.

సాయంత్రం హాలు నిండింది. స్టేజి మీద కమిటీ మగోళ్లు ఆరుగురు, ఆడమనిషిని నేనొక్కదాన్ని. టీచరమ్మ ఎక్కడ కూసున్నదనుకున్నరు? ఆఖరి వరుసల, సమోసల టేబుల్ పక్కన! నర్సింగరావు గారు మైకు పట్టుకొని, మహిళ లేనిదే ఇల్లు లేదు, ఇల్లు లేనిదే దేశం లేదు అని చాలాసేపు చెప్పి, "సమోసలు అందరికి అందేటట్టు మన ఆడబిడ్డలు చూసుకోవాలె" అని ముగించిండు. తర్వాత నన్ను పిలిచిండు.

నేను చీర కుచ్చిళ్లు సర్దుకొని, మైకు ముందుకొచ్చి, కవర్ తెరిచిన.

పెద్ద అక్షరాలేవి? చీమల బారు లెక్క సన్నటి లైన్లు! కాయితం దూరం పెట్టి చూసిన, దగ్గర పెట్టి చూసిన. ఒకటి, రెండు, మూడు అని అంకెలు, వాటికింద ఏ, బీ, సీ, డీ. పైన మాత్రం లావుగ ఒక లైను: తప్పు జవాబుకు నెగెటివ్ మార్కు కలదు.

బిట్ పేపర్! ఎవరో కోచింగ్ సార్‌ది! నా ఎనిమిది పేజీలల్ల ఒక్క ముక్క యాదికి రాలే. మైకు కుయ్యిమంటున్నది. ఆఖరి వరుసల టీచరమ్మ నా దిక్కే చూస్తున్నది, చిన్నప్పుడు బోర్డు దగ్గరికి పిలిచి చూసినట్టే. ఆ చూపుకు నాకు నిజంగ ఏడుపొచ్చింది. ఇచ్చిన మాట పాయె, రూమ్ పాయె అనుకున్న.

మా ఆయనకు అర్థమైంది. లేచి వచ్చి కళ్లద్దాలు చేతిల పెట్టి, చెవి దగ్గర, "తెరిచి చూస్కో అన్న గదా" అన్నడు. ఆ టైంల కూడ ఆ మాట అనకుంట ఉండలే!

అద్దాలు పెట్టుకున్న. వేరే తొవ్వ లేదు. మొదటి బిట్టు గట్టిగ చదివిన.

"పుణెలో ఆడపిల్లలకు చదువు చెప్పిన పంతులమ్మ మీద, బడికి పోయే దారిలో బురద చల్లేవారు. అందుకని ఆమె సంచిలో ఏమి పెట్టుకొని వెళ్లేది? ఏ, గొడుగు. బీ, ఇంకో చీర. సీ, కర్ర. డీ, పైవన్నీ."

అంతే! వెనక నిలబడ్డ హాస్టల్ పిల్లలు ఒక్కసారి "బీ!" అని అరిచిన్రు. హాలు అదిరింది. వాళ్లను తప్పు పట్టొద్దు. పొద్దున లేస్తే బిట్లు, పండుకుంటే బిట్లు. నాలుగు ఆప్షన్లు వినపడితే నోరు ఆగదు. ఒక పిల్ల మాత్రం "డీ!" అన్నది.

"డీ ఎట్లయితదే?" అన్నది పక్కపిల్ల.

"పైవన్నీ అని ఉంటే కండ్లు మూసుకొని పెట్టాలె. మా సార్ చెప్పిండు!"

జనం నవ్వుడు మొదలుపెట్టిన్రు. రోజూ మా రూముకు వచ్చే లావణ్య అనే పిల్ల చెయ్యెత్తి, "బీ కరెక్ట్ అక్కా. బడికి పోయినంక బురద చీర మార్చుకొని, ఇంకోటి కట్టుకొని పాఠం చెప్పేది" అన్నది.

"వెరీ గుడ్!" అన్న. నాకు తెలిస్తే గదా! పేపర్‌కు కీ లేదు. వాళ్లేది అరిస్తే నేనదే కరెక్ట్ అంటున్న.

రెండో బిట్టు. "ఓరుగల్లులో ఆడమనిషి గద్దెనెక్కితే ఓర్వలేక మొదట ఎదురుతిరిగింది ఎవరు? ఏ, సముద్రం అవతలి రాజులు. బీ, తన కింద ఉన్న సామంతులే."

"బీ!" అన్నరు పిల్లలు. ఈసారి ముందు వరుసల ఆడోళ్లు కూడ గొంతు కలిపి, స్టేజి మీది కమిటీ దిక్కు చూసి నవ్విన్రు. కమిటీ కుర్చీలల్ల అటిటు కదిలింది.

మూడోది పాలకుర్తి దిక్కు దొర మీద తిరగబడ్డ అమ్మది. "దొర గుంజుకోజూసిన పంటను ఆమె ఎక్కడికి చేర్చింది?" అని ఇంక ఆప్షన్లు చదవనే లేదు, ముసలవ్వలంత "ఇంటికే!" అని కేక పెట్టిన్రు. ఒకామె లేచి కొంగు నడుముకు చుట్టింది.

పది బిట్లు అయినయి. కాయితం అయిపోయింది. నాకు అప్పటికి మంచి ఊపొచ్చింది. ఖాళీ కాయితం వెనకకు తిప్పి, చదువుతున్నట్టే చేసిన.

"పదకొండో బిట్టు. మన గల్లీల ఆడపిల్లలు చదువుకునెటందుకు సొంత ఇంట్ల బల్ల, కుర్చీలు మోసుకొచ్చిన మనిషి ఎవరు? ఏ, అనసూయ టీచరమ్మ. బీ, అనసూయ టీచరమ్మ. సీ, అనసూయ టీచరమ్మ. డీ, పైవన్నీ."

ఒకరు ఏ అంటరు, ఒకరు సీ అంటరు, అందరూ లేచి వెనకకు తిరిగి చప్పట్లు కొడుతున్నరు! టీచరమ్మ కొంగుతోని కండ్లు తుడుచుకుంటున్నది.

"ఆఖరి బిట్టు. ఆమె పెట్టిన రూముల షామియానాలు పెట్టాలెనా? ఏ, వద్దు. బీ, అస్సలు వద్దు. సీ, ప్రెసిడెంట్ గారి ఇంటి హాల్ల పెట్టుకోవాలె. డీ, పైవన్నీ."

"డీ!"

చిక్కడపల్లి చౌరస్తా దాంక వినపడి ఉంటది. నర్సింగరావు గారు లేచి, "అట్ల కాదమ్మా, ఇది ఓటింగ్ కాదు" అంటుంటే, రెండో వరుసల ఒకామె రెండు చేతులు ఎత్తి, "డీ! డీ!" అని అరుస్తున్నది. ఎవరనుకున్నరు? ఆయన భార్యే! ఆమె కూడ టీచరమ్మ దగ్గర చదివిన పిల్లే. ఆయన ఇగ కూసున్నడు. ఆ వెంటనే చేతులెత్తించినం. రూమ్ మనదే!

టీచరమ్మను పట్టుకొని స్టేజి మీదికి తెచ్చినం. మైకు ఇస్తే ఏమన్నది? "పరీక్ష హాల్ల జవాబులు పైకి చెప్పొద్దని మీకు నేర్పింది నేనే. ఇయ్యాల చెప్పిన్రు. పోనీ, అందరికి ఫుల్ మార్కులు." ఆ శాలువా నాకు కప్పిన్రు గని నేను తీసి ఆమెకు కప్పిన. అది ఫొటోల రాలే, అది వేరే ముచ్చట.

ఇంతటితోని అయిపోతే ఎంత బాగుండు!

తెల్లారి ఫోన్. డీటీపీ షాపుల నా నంబర్ తీసుకొని, అశోక్ నగర్ నుంచి ఒక కోచింగ్ సార్. "మేడం, 'సభకు నమస్కారం' అని మొదలయ్యే పేపర్ మీదేనా?"

ఆయన కవర్ మీద కూడ 'చరిత్రలో మహిళలు' అనే ఉండెనట. ఆయన కూడ నా కవర్ తీసుకపోయి, లోపల ఏమున్నదో చదవకుంటనే కాపీలు తీయించి, టెస్ట్ అని పిల్లలకు పంచిపెట్టించిండట. చెప్పిన గదా, ఆచారం! పిల్లలేమో కొత్త పాటర్న్ అనుకున్నరట. తప్పులు గుర్తించుమని ఇచ్చిన్రేమోనని ఎర్రపెన్ను తీసి, గంటసేపు తల వంచుకొని పట్టిన్రట తప్పులు.

"పద్నాలుగు దొరికినయి మేడం," అన్నడు సార్, మెల్లగ. "మీరు ఓరుగల్లు రాణిని తీసుకపోయి గోలకొండల కూసోబెట్టిన్రు. తప్పుకు పావు మార్కు లెక్కన తీసేస్తే మీకు మైనస్ మూడున్నర వచ్చింది."

"చివరి పేజీ?" అన్న.

"దానికి ఎవ్వరూ గీత పెట్టలే మేడం. ఆ రూమ్ ఎక్కడుందని అడుగుతున్నరు."

ఇప్పుడు మా రూముల నిలబడెటందుకు జాగ లేదు. నర్సింగరావు గారే కుర్చీలు తెచ్చి వేస్తున్నడు. ఎర్రగీతల నా స్పీచ్‌ను గోడకు అంటించిన్రు. దానికింద లావణ్య ఒక కాయితం పెట్టింది: "పరీక్షలకు ప్రిపేర్ అయ్యేటోళ్లు దీన్ని చదవొద్దు." మంచి పిల్ల, పెద్ద పెద్ద అక్షరాలల్ల రాసింది, నేను కళ్లద్దాలు లేకుంటనే చదువుకునేటట్టు!