పెదనాన్న గ్రీన్ టీ వైద్యం

మా పెదనాన్నకు కోట అనే ఊరి దగ్గర రొయ్యల గుంటలుండేవి. ఎవరేం మాట్లాడుతున్నా ఒక వేలు పైకెత్తి ఆపి, "అంతా మెదడులో మంటరా" అనడం ఆయన అలవాటు. ఫోన్‌లో ఏదో వీడియో చూసినప్పటి నుంచి ఆయన దృష్టిలో జబ్బులన్నిటికీ మెదడు కణాల వాపే కారణం, గ్రీన్ టీయే మందు.

నాయనమ్మకు మతిమరుపు ముదిరింది. కన్నకొడుకుని కూడా గుర్తుపట్టేది కాదు. పెదనాన్న ఆమెకు పాల టీ మాన్పించి, పూటపూటా గ్రీన్ టీ తాగించడం మొదలుపెట్టాడు. ఆమెకు మిగిలిన ఒక్క సుఖం ఆ పాల టీయే. చూడలేక ఇద్దర్నీ నెల్లూరులో డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను.

"గ్రీన్ టీలో ఉండే పదార్థాన్ని ల్యాబులో మెదడు కణాల మీద వేస్తే, వాపు పుట్టించే సంకేతాలు తగ్గినాయండీ. కానీ కప్పుతో తాగితే అందులో మెదడు దాకా ఎంత పోతాదో ఇంకా తెలీదు. పెద్దామెకు ఇష్టమైంది ఇవ్వండి" అన్నాడాయన.

పెదనాన్న వేలెత్తాడు. "విన్నావా, తగ్గినాయంట."

ఇంటికి రాగానే మళ్ళీ కప్పు అందించాడు. నాయనమ్మ ఆయన్ని ఎగాదిగా చూసి, నన్నడిగింది.

"ఈ చేదునీళ్ళాయన ఇంకా పోలేదా నాయనా?"

పెదనాన్న ముఖం వెలిగిపోయింది. "చూసినావా, నన్ను గుర్తుపట్టింది. మందు పని చేస్తా ఉంది" అంటూ ఇంకో కప్పు పోశాడు.