టేపు రెండో కొస

నా చిన్నప్పుడు, ఎవరైనా ఇల్లు కొలవడానికి వస్తున్నారంటే చాలు, మా నాయనమ్మకు ఆ పూట అన్నం సయించేది కాదు. బూర్గంపాడు దాటి అడవి వైపు పోతే మా ఊరు. నేను పుట్టకముందు ఎవరో వచ్చి మా పోడు చేను కొలిచి వెళ్లారట. ఆ తర్వాత చేను చుట్టూ కందకం పడింది, చేను మాది కాకుండా పోయింది. కొలిచేవాడు గుంజుకునేవాడేనని అప్పటినుంచి ఆమె నమ్మకం. ఇక మాకు మిగిలింది రెండు గదుల పెంకుటిల్లు, పక్కన పశువుల కొట్టం.

నిజానికి ఆమె ఎవర్నీ నమ్మేది కాదు. పక్కింటాయన బట్టలు కుట్టేవాడు, పిల్లలందరికీ మిషన్ చాచా. రవిక కుట్టించుకుంటే పీలికలతో సహా అడిగి తెచ్చుకునేది. అయినా దస్తీకి సరిపడా గుడ్డ నొక్కేశాడని తిట్టేది. పాపం, ఆయన నవ్వి ఊరుకునేవాడు.

ఒకరోజు ఇంటిపన్ను వేయడానికి పంచాయతీ మనిషి టేపుతో వచ్చాడు. గుడిసెకు పన్ను తక్కువని ఎవరో చెబితే, నాయనమ్మ ముందే పెంకుల మీద తాటాకులు కప్పించింది. చూరు కింద పెంకులు కనబడుతూనే ఉన్నాయి. అతను పైకి చూసి నవ్వు ఆపుకున్నాడు. టేపు కొస అవతల తగిలించి వచ్చి, కాగితం తీశాడు. ఆమె కాగితం మీదికి వంగింది. అక్షరం ముక్క రాదు, అయినా కన్నార్పలేదు.

"ఏంది రాస్తున్నవ్?"

"మీ ఇల్లు రాసుకుంటున్న, పెద్దమ్మా."

అంతే! ఇల్లు తన పేర రాసుకుంటున్నాడనుకుంది. కాగితం లాక్కుని గుండెలు బాదుకుంది. నేనూ ఏడ్చాను. ఆ రోజు మా ఇల్లు పోయిందనే అనుకున్నాను.

గోల విని చాచా వచ్చాడు. సంగతి విని, టేపు వెంట నడిచి వెళ్లి చూశాడు.

"పెద్దమ్మా, నా తాన రవిక కుట్టిస్తే టేపు రెండు కొసలూ చూస్తవ్. గిప్పుడు కాగితం పట్టుకొని కూసున్నవేంది? ఆ కొస యాడుందో చూడు."

అది కొట్టం చివరి గుంజకు తగిలించి ఉంది. ఇంటికి ఆనుకున్న కొట్టం లెక్కలోకి వస్తుందా అని చాచా అడిగితే, పంచాయతీ మనిషి తల గోక్కుని రాదన్నాడు. ఈసారి ఇంటి గోడ మూలన ఆ కొసను చాచా నా చేతికిచ్చాడు. గోడల కొలత, పైకప్పు రకం చూసి పన్ను వేస్తారనీ, దాంతో ఇల్లు ఎవరి పేరా మారదనీ నాయనమ్మకు నిదానంగా చెప్పించాడు. ఆమె కాగితం తిరిగిచ్చేసింది. తర్వాతి రవికకు మాత్రం చాచాను మళ్లీ తిట్టింది.

చాచా పోయి చాలా ఏళ్లయింది. ఆయనంటే నాకిప్పటికీ ప్రాణం. మొన్న మా ఇంటికి కొలతలకు వచ్చిన అబ్బాయి, "నమ్మకం లేదా అమ్మమ్మా?" అన్నాడు. లేదు నాయనా, మా వంశంలోనే లేదు. కుర్చీ వేసి, చాయ్ ఇచ్చి, వెళ్లి టేపు అవతలి కొస నేనే పట్టుకున్నాను.