దసరాకా, దీపావళికా

శంషాబాద్ ఎయిర్‌పోర్టులో కాఫీ కౌంటర్ మీద పనిచేసేదాన్ని. 2011 ఫిబ్రవరిలో ఒక ఉదయం కాఫీపొడి డబ్బా మూత తీయగానే కడుపులో తిప్పింది. రోజూ ఇష్టంగా పీల్చే వాసనే. బయటికి పరిగెత్తి వాంతి చేసుకున్నాను. ఎసిడిటీ అనుకున్నానే తప్ప ఇంకో ఆలోచన రాలేదు. మా పాప మేఘనకు అప్పటికి తొమ్మిది నెలలు. ఇంకా పాలు తాగుతోంది. కాన్పు తరువాత నాకు నెలసరి మళ్లీ మొదలే కాలేదు.

సాతంరాయిలో ఇంటికి రాగానే మా అత్తమ్మ నా ముఖం చూసి, "గిది గ్యాసు గాదు బిడ్డా. టెస్టు చేసుకో" అంది. రెండు గీతలు వచ్చాయి. మా ఆయన పేరు శ్రీశైలం, క్యాబ్ నడుపుతాడు. ఆ క్యాబ్‌లోనే దవాఖానకు పోయాం.

"ఎల్‌ఎంపీ ఎప్పుడు? చివరి నెలసరి తేదీ?" అని డాక్టరమ్మ అడిగింది.

"పాప పుట్టినంక రానే లేదు మేడం."

"అయితే స్కానే చెప్పాలి" అని నవ్వింది.

స్కాన్ చేస్తున్నప్పుడు మాత్రం నవ్వలేదు. "జెస్టేషనల్ శాక్, అంటే బేబీ పెరిగే తిత్తి, ఉంది. బేబీ ఇంకా కనిపించడం లేదు. గర్భం మరీ చిన్నదై ఉండొచ్చు, ఎదగకుండా ఆగిపోయి ఉండొచ్చు. తేదీ తెలియనప్పుడు ఒక్క స్కాన్‌తో తేల్చకూడదు. రెండు వారాలాగి మళ్లీ చూద్దాం. నొప్పి గానీ బ్లీడింగ్ గానీ ఉంటే వెంటనే రండి" అంది.

తిరిగొస్తుంటే ఆరాంఘర్ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కున్నాం. శ్రీశైలం స్టీరింగ్ మీద చేతులుంచి, "ఇంత జల్ది మల్ల బిడ్డ వద్దనుకున్నం గదా" అన్నాడు.

"అనుకున్నం" అన్నాను.

"ఇప్పుడు కావాలనిపిస్తుంది" అన్నాడు. నాకూ అంతే. ఏడుపొచ్చింది.

ఆ రెండు వారాలూ వాంతి అయినప్పుడల్లా సంతోషించాను. లోపల ఏదో జరుగుతోందని ధైర్యం. వాంతి లేని పూట పరేషాన్ అయ్యేదాన్ని.

రెండో స్కాన్‌లో డాక్టరమ్మ స్క్రీన్‌ను నా వైపు తిప్పింది. శనగగింజంత మచ్చ, దాని మధ్య ఏదో మిణుకుమిణుకుమని కొట్టుకుంటోంది. "హార్ట్‌బీట్" అంది. పొడవు కొలిచి, దాన్ని సీఆర్‌ఎల్ అంటారని చెప్పి, ఈడీడీ, అంటే కాన్పు తేదీ, దసరా తరువాతి వారానికి వేసింది. ఇంటికొచ్చి ఆ మాట చెప్పగానే అత్తమ్మ, "ఆగదు. బతుకమ్మలకే వస్తది" అని తీర్పు చెప్పేసింది. ఇంట్లో అందరం పండగ చేసుకున్నంత పని చేశాం.

ఎనిమిదో నెల స్కాన్‌లో కొత్త తిరకాసు. రిపోర్టులో కాన్పు తేదీ దీపావళి దగ్గరకు పోయింది. ఇగ టైముంది కదా, మహేశ్వరం దాటి ఉన్న మా అమ్మవాళ్ల ఊరికి దసరాకు పోయొస్తానని డాక్టరమ్మతో అన్నాను.

"తేదీ మారలేదమ్మా" అంది ఆమె. "మొదటి నెలల్లో బేబీలందరూ ఇంచుమించు ఒకే కొలత ఉంటారు. తరువాత ఒకరు సన్నం, ఒకరు లావు. మీ బేబీ కాస్త చిన్నగా ఉందని ఈ స్కాన్ చెబుతోంది, అంతే. తేదీ మారిస్తే ఆ సంగతి మరుగున పడిపోతుంది." డాప్లర్ చేయించింది. రక్తప్రసరణ బాగానే ఉంది. అయినా వారం వారం రమ్మంది. అమ్మే మా ఇంటికి వచ్చింది.

దసరా మరునాడు అందరం కూర్చొని భోంచేస్తుండగా నొప్పులు మొదలయ్యాయి. సాయంత్రానికల్లా బాబు పుట్టాడు. రెండున్నర కిలోలు, గొంతు మాత్రం పెద్దది. "నేను జెప్పిన దినానికి జర లేటయ్యిండు" అంది అత్తమ్మ, వాణ్ని ఎత్తుకుని.

ఇప్పుడు వాడికి రెండున్నరేళ్లు. అక్కాతమ్ముళ్లు కవల పిల్లల్లా ఒకే కంచంలో కలబడి తింటారు, కొట్టుకుంటారు. నేను మళ్లీ పనికి పోతున్నాను.

పాలిచ్చే తల్లులకు నాదొక్క మాట. నెలసరి రాలేదు కదా, గర్భం రాదులే అనుకోకండి. అనుమానం రాగానే పరీక్ష చేయించుకుని, మొదటి మూడు నెలల్లోనే స్కాన్‌తో తేదీ వేయించుకోండి. తరువాతి రిపోర్టులో వేరే తేదీ కనబడితే మీరే మార్చుకోకుండా డాక్టర్‌ను అడగండి.